హార్న్ లేని బ్యాండులో హార్న్ పార్టు ఎవరికి ఇవ్వాలి?

నమస్కారం మాస్టారూ. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ స్కూల్ బ్యాండులో 24 మంది పిల్లలున్నారు. క్లారినెట్లు 6, ఆల్టో శాక్సఫోన్లు 2, టెనార్ శాక్స్ 1, ట్రంపెట్లు 5, ట్రాంబోన్లు 2, యుఫోనియంలు (లావు గొట్టం ఇత్తడి వాద్యం) 2, సూసాఫోన్ (ఒంటికి చుట్టుకునే పెద్ద బేస్ వాద్యం) 1, మిగతా ఐదుగురు డ్రమ్స్ మీద. అమెరికాలో ఉంటున్న మీ పూర్వ విద్యార్థి ఒకరు ప్రేమగా కాన్సర్ట్ బ్యాండు స్కోర్లు (అన్ని వాద్యాల స్వరాలూ రాసిన కాగితాలు) కొని పంపారు. ప్రతిదాంట్లో నాలుగు ఫ్రెంచ్ హార్న్ (గుండ్రంగా చుట్టిన ఇత్తడి గొట్టం వాద్యం) పార్టులు, అంటే హార్న్ వాళ్ళు ఊదాల్సిన వరుసలు, ఉన్నాయి, మీ దగ్గర హార్న్ ఒక్కటీ లేదు. ఆగస్టు 15న గ్రౌండులో ఒక మార్చ్, ఒక నెమ్మదైన పాట వాయించాలి. హార్న్ పార్టులు వదిలేయాలా, ఎక్కువ మంది ఉన్నారు కాబట్టి ట్రంపెట్లకు ఇచ్చేయాలా, కీబోర్డులో హార్న్ టోన్ పెట్టుకోవాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను: మూడూ వద్దు. మార్చ్‌లో హార్న్‌లు ఊదే ఆఫ్‌బీట్లు (రెండు బీట్ల మధ్యలో పడే స్వరాలు) రెండు ఆల్టో శాక్సులకూ, టెనార్ శాక్స్‌కూ ఇవ్వండి. నెమ్మదైన పాటలో సాగదీసే స్వరాలు రెండో యుఫోనియంకీ, కింది స్థాయిలో ఊదే క్లారినెట్లకూ ఇవ్వండి. హార్న్ సోలో ఉంటే మొదటి యుఫోనియంకి ఇవ్వండి. ట్రంపెట్లను చివరి దారిగా, ఒకటి రెండు చోట్ల మాత్రమే వాడండి. నాలుగు హార్న్ పార్టులనూ మొదటి బార్ (తాళం గడి) నుంచి చివరి బార్ దాకా ఒకే వాద్యానికి అప్పగించకండి. హార్న్ ఒకే పాటలో మూడు నాలుగు రకాల పనులు చేస్తుంది. ఆ పనులను విడదీసి, ఏ పని ఎవరు బాగా చేయగలరో చూసి పంచాలి.

నేను ఆర్మీ బ్యాండులో 21 ఏళ్ళు చేశాను, అందులో 14 ఏళ్ళు హార్న్ మీదే. ఇప్పుడు సికింద్రాబాద్‌లో రెండు స్కూల్ బ్యాండులకు నేర్పుతున్నాను. ఆ రెండిట్లో కూడా హార్న్ లేదు. కాబట్టి కింద చెప్పేవన్నీ నేను చేసి చూసినవే.

హార్న్‌ని ఎందుకు వదలకూడదు

సన్నాయి మేళంలో ఒత్తు పట్టే మనిషిని గుర్తు చేసుకోండి. పందిట్లో ఉన్నవాళ్ళు ఆయన వైపు చూడరు. ఆయన ఒక్క నిమిషం ఆపితే మాత్రం సన్నాయి ఒంటరిగా, గాల్లో వేలాడుతున్నట్టు వినిపిస్తుంది. బ్యాండులో హార్న్‌ది కూడా దాదాపు అలాంటి పనే. పైన క్లారినెట్లు, ట్రంపెట్లు పాట వాయిస్తాయి. కింద ట్రాంబోన్, సూసాఫోన్ ఆధారం ఇస్తాయి. ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీని నింపేది హార్న్. అది తీసేస్తే పాట వినిపిస్తుంది, బేస్ వినిపిస్తుంది, మధ్యలో ఏమీ ఉండదు. వినేవాళ్ళు 'ఏదో పల్చగా ఉంది' అంటారు గానీ కారణం చెప్పలేరు.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. స-గ-ప అని మూడు స్వరాలు కలిపి ఒక కార్డ్ అనుకోండి. సా బేస్‌లో ఉంటుంది, పాట వాయించేవాళ్ళ దగ్గరా ఉంటుంది. పా ట్రాంబోన్ దగ్గర ఉంటుంది. గా మాత్రం చాలాసార్లు హార్న్ దగ్గరే ఉంటుంది. ఆ గా పోయిందంటే అది మేజరో మైనరో చెవికి తెలియదు. అందుకే నాలుగు పార్టులూ నింపడానికి మనుషులు చాలకపోతే నేను మొదట చూసేది ఇదే: బ్యాండులో ఇంకెవరూ ఊదని స్వరం హార్న్ పార్టుల్లో ఏది? దానికి ముందు మనిషిని పెట్టండి. ఇంకొకరు ఎలాగూ ఊదుతున్న స్వరం పోయినా నష్టం తక్కువ.

ట్రంపెట్లు ఎందుకు వద్దంటున్నాను

ఐదుగురు ఉన్నారు, చదవగలరు, ఉత్సాహంగా ఊదుతారు. అందరికీ మొదట తోచేది అదే. కానీ వాద్యం కట్టుబడి వేరు. ట్రంపెట్, ట్రాంబోన్ గొట్టం చాలా దూరం ఒకే వెడల్పులో వెళ్ళి చివర్లో విచ్చుకుంటుంది. అందుకే ధ్వని పదునుగా, సూటిగా ఉంటుంది. హార్న్, యుఫోనియం, ఫ్లూగల్‌హార్న్ గొట్టాలు క్రమక్రమంగా వెడల్పవుతూ పోతాయి, ధ్వని గుండ్రంగా ఉంటుంది. పైగా హార్న్ గంట (గొట్టం చివర విచ్చుకున్న నోరు) వెనక్కి తిరిగి ఉంటుంది, వాయించేవాడి కుడి చెయ్యి అందులోనే ఉంటుంది. ధ్వని వెనక గోడకు తగిలి, మెత్తబడి జనానికి చేరుతుంది. ట్రంపెట్ గంట నేరుగా జనం ముఖం మీదే ఉంటుంది. ఒకే స్వరం, ఒకే బలంతో ఊదినా, హార్న్ అయితే నేపథ్యంలో ఉంటుంది, ట్రంపెట్ అయితే ముందుకు వచ్చేస్తుంది.

స్థాయి సమస్య కూడా ఉంది. ట్రంపెట్‌లో కాగితం మీద రాయగల అతి కింది స్వరం మిడిల్ సి (కీబోర్డు నడుమ ఉండే సి స్వరం) కంటే కింద ఉన్న ఎఫ్ షార్ప్. హార్న్ కాగితంలో చూస్తే అది మిడిల్ సి పక్కనే కింద ఉన్న బి. రెండో హార్న్, నాలుగో హార్న్ అంతకంటే కిందికి తరచూ వెళతాయి. అక్కడ ట్రంపెట్ దగ్గర స్వరమే లేదు. దానికి కొంచెం పైన, 1-3 వాల్వులు (వేళ్ళతో నొక్కే మీటలు), 1-2-3 వాల్వులు కలిపి నొక్కే స్వరాలు సహజంగానే శ్రుతి పెరిగి ఉంటాయి. మూడో వాల్వు స్లైడ్ బయటికి తోసి సరిచేయాలి. పిల్లలకు ఆ అలవాటు ఉండదు, కొన్ని వాద్యాల్లో ఆ స్లైడ్ కదలనే కదలదు.

రిటైరయ్యాక నా మొదటి స్కూల్లో ఒక జనవరి 26కి నేనూ ఇదే పని చేశాను. నలుగురు ట్రంపెట్ పిల్లలకు హార్న్ ఆఫ్‌బీట్లు ఇచ్చాను. మార్చ్ పాస్ట్‌లో పిల్లలు అడుగు తప్పారు. ఆఫ్‌బీట్ అంత గట్టిగా, అంత పదునుగా వినబడేసరికి కవాతు చేసే పిల్లలకు అదే అసలు బీట్ అనిపించింది. బేస్ డ్రమ్ వాయించే అబ్బాయి భయపడి ఇంకా గట్టిగా కొట్టాడు. తప్పు నాదే, పిల్లలది కాదు. ఆ రోజు సాయంత్రమే స్కోరు మళ్ళీ తెరిచి, ఎవరికి ఏమి ఇవ్వాలో మొదటి నుంచి రాసుకున్నాను.

కీబోర్డు గురించి కూడా రెండు మాటలు. హాల్లో అయితే అవసరానికి పనికొస్తుంది. ఎండలో గ్రౌండు మీద వద్దు. వేడి పెరిగే కొద్దీ ఊదే వాద్యాలన్నిటి శ్రుతి పైకి జరుగుతుంది, కీబోర్డుది జరగదు. ఉదయం తొమ్మిదికి కలిసిన శ్రుతి పదకొండుకి కలవదు. పైగా మిగతా పిల్లలందరూ కలిసి ఊపిరి తీసుకునే చోట కీబోర్డు ఊపిరి తీసుకోదు. ఆ తేడా చెవికి తెలుస్తుంది.

హార్న్ చేసే పనులు, వాటికి తగిన మనుషులు

స్కోరు ముందు పెట్టుకుని రంగు పెన్సిళ్ళు తీసుకోండి. హార్న్ వరుసలో ఆఫ్‌బీట్లు ఉన్న బార్లన్నిటికీ ఒక రంగు, సాగదీసే కార్డులకు ఇంకో రంగు, పాట వచ్చే చోట మూడో రంగు, పిలుపులా గట్టిగా వచ్చే చోట నాలుగో రంగు వేయండి. అర గంట పని. ఇది చేశాక సగం టెన్షన్ పోతుంది.

ఆఫ్‌బీట్లు అంటే మార్చ్‌లో సూసాఫోన్ 'ధూం' అంటే మధ్యలో వచ్చే 'చక్'. దీనికి మీ దగ్గర ఆల్టో శాక్సే మేలు. స్థాయి సరిపోతుంది, నాలుకతో చురుగ్గా పలికించవచ్చు. రెండు ఆల్టోలు పై రెండు స్వరాలు, టెనార్ మూడోది. అయితే శాక్స్ పిల్లలకు ఒక అలవాటు ఉంటుంది, ప్రతి స్వరాన్నీ పూర్తిగా, నిండుగా ఊదేస్తారు. ఆఫ్‌బీట్ పొట్టిగా, తేలికగా ఉండాలి. రాసిన విలువలో సగమే ఊదమనండి. కాగితం మీద మెజోఫోర్టే (ఓ మాదిరి గట్టిగా) ఉంటే మీరు కొట్టేసి పియానో (మెల్లగా) అని రాయండి. హార్న్ కోసం రాసిన బలాన్ని శాక్స్ అలాగే ఊదితే పాటను మింగేస్తుంది.

మీ శాక్స్ పిల్లలకు వాళ్ళ సొంత పార్టు ఉంది కదా అంటారేమో. ముందు దాన్ని చదివి చూడండి. చాలా కాన్సర్ట్ బ్యాండు స్కోర్లలో, ముఖ్యంగా స్కూళ్ళ కోసం రాసినవాటిలో, ఆల్టో శాక్స్ ఆఫ్‌బీట్లలో ఇప్పటికే హార్న్‌తో కలిసి వెళుతుంది. అలాంటి చోట మీరు చేయాల్సిన పనే లేదు. కొన్నిట్లో హార్న్ స్వరాలు వేరే వాద్యాల కాగితం మీద చిన్న సైజులో ముద్రించి ఉంటాయి. వాటిని క్యూలు అంటారు. హార్న్ లేకపోతే ఇవి ఊదండి అని అచ్చు వేసినవాళ్ళే ఇచ్చిన అనుమతి అది. ముందు వాటిని వెతకండి.

సాగదీసే కార్డుల దగ్గర అసలు కష్టం ఉంది. మీ నెమ్మదైన పాట నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. యుఫోనియం హార్న్‌కి అన్నిటికంటే దగ్గరి బంధువు. ధ్వని గుండ్రంగా ఉంటుంది, గంట పైకి ఉంటుంది కాబట్టి నేరుగా జనం మీద పడదు, హార్న్ మధ్య స్థాయి అంతా హాయిగా పలుకుతుంది. మీ ఇద్దరు యుఫోనియం పిల్లలూ మామూలుగా ఒకే పార్టు ఊదుతూ ఉంటారు. అందులో ఒకరిని హార్న్‌కి తీసుకున్నా అసలు పార్టు ఖాళీ కాదు. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను: ఒకే పార్టు మీద ఇద్దరు ముగ్గురు ఉన్న చోటి నుంచి మనిషిని తీసుకుంటాను, ఒక్కడే ఉన్న చోటి నుంచి వీలైనంతవరకు తీయను. మీ ఆరుగురు క్లారినెట్లలో ఒక్కో పార్టు మీద ఇద్దరేసి ఉంటారు. మొదటి దాని మీద ఉన్న ఇద్దరిలో ఒకరిని, రెండో దాని మీద ఉన్న ఇద్దరిలో ఒకరిని తీసుకుంటే హార్న్ కార్డులో రెండు స్వరాలు వాళ్ళవి. యుఫోనియం మూడోది. టెనార్ శాక్స్ నాలుగోది, మరీ మెల్లగా.

క్లారినెట్ కింది స్థాయి ధ్వని చిక్కగా, నల్లగా ఉంటుంది, హార్న్‌తో బాగా కలుస్తుంది. ఆర్మీలో ఉండగా ఒకసారి టూర్‌లో మా నలుగురు హార్న్ వాళ్ళలో ఇద్దరికి జ్వరం వచ్చింది. ఆ సాయంత్రం మూడు, నాలుగు పార్టులను ఇద్దరు క్లారినెట్ వాళ్ళు కింది స్థాయిలో ఊదారు. మొదటి హార్న్ మీద కూర్చున్న నాకు కూడా నెమ్మది భాగంలో పక్కన ఊదుతున్నది హార్నా క్లారినెట్టా అన్నది కొన్ని క్షణాలు తెలియలేదు. అయితే అది హాల్లో. బయట మైదానంలో క్లారినెట్ కింది స్వరాలు గాలికి పోతాయి. ఆగస్టు 15న మీది గ్రౌండు కాబట్టి ఒక్కో స్వరానికి ఒక్క క్లారినెట్ చాలకపోవచ్చు. మైకు ఒకటి వాళ్ళ దగ్గర పెట్టగలిగితే పెట్టండి.

ఒక జాగ్రత్త. పెళ్ళి బ్యాండులోనో, సినిమా పాటల్లోనో విని నేర్చుకున్న గమకం, వైబ్రేటో పిల్లల వేళ్ళకూ పెదవులకూ అలవాటైపోయి ఉంటుంది. పాట వాయించేటప్పుడు అది అందమే. కార్డులో మాత్రం నలుగురూ గీత గీసినట్టు తిన్నగా ఊదాలి. ఒక్కరు ఊపినా కార్డు మొత్తం కదిలిపోతుంది.

హార్న్‌కి పాట వచ్చిన చోట యుఫోనియం మొదటి ఎంపిక. మరీ పైకి వెళితే పిల్లవాడి పెదవి అలసిపోతుంది, అప్పుడు ఆల్టో శాక్స్‌కి ఇవ్వండి. ఎవరి దగ్గరైనా ఫ్లూగల్‌హార్న్ (ట్రంపెట్ లాంటిదే, ధ్వని మెత్తన) అరువు దొరికితే పై స్థాయి హార్న్ పాటలకు దాన్ని మించింది లేదు. వేళ్ళు ట్రంపెట్‌వే, కాబట్టి మీ ట్రంపెట్ పిల్లవాడు వారంలో అలవాటు పడతాడు. దానికీ ట్రంపెట్‌కున్నట్టే కింది హద్దు ఉంటుంది, గుర్తుంచుకోండి.

పిలుపులా, శంఖం ఊదినట్టు గట్టిగా వచ్చే చోట మాత్రం ట్రంపెట్లను వాడవచ్చు. నాలుగో, ఐదో ట్రంపెట్ పిల్లలను వెనక వరుసలో నిలబెట్టి, జనం వైపు కాకుండా పక్కకు తిప్పి ఊదించండి. ట్రాంబోన్ అయితే గంటను నోట్స్ పెట్టుకునే స్టాండులోకి వంచి ఊదమనండి. ధ్వనిలో పదును సగం తగ్గిపోతుంది.

ట్రాన్స్‌పోజ్ చేయకుండా కాగితం చేతికివ్వకండి

ట్రాన్స్‌పోజ్ అంటే ఒక వాద్యానికి రాసిన స్వరాలను ఇంకో వాద్యానికి తగ్గట్టు మార్చి రాయడం. దీన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి స్కూల్లోనే, ఆ జనవరి 26 అయ్యాక, హార్న్ కాగితాన్ని అలాగే జిరాక్సు తీసి ఆల్టో శాక్సులకు ఇచ్చాను. తొందరలో ఆలోచించలేదు. రిహార్సల్‌లో ప్రతి కార్డూ కొట్టుకుంటోంది. శ్రుతి సరిచేసుకోండి అని పిల్లలను పదే పదే అన్నాను, ఒక అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ అమ్మాయి కాగితం మీద ఉన్నది తప్పు లేకుండా ఊదుతోంది. హార్న్ ఎఫ్ వాద్యం, ఆల్టో ఇ ఫ్లాట్ వాద్యం. ఒకే సి చదివితే హార్న్‌లో ఎఫ్ వినబడుతుంది, ఆల్టోలో ఇ ఫ్లాట్ వినబడుతుంది. ఒక పూర్తి టోన్ తేడా. మర్నాడు ఆ అమ్మాయికి అందరి ముందూ క్షమాపణ చెప్పాను.

ఎఫ్ హార్న్ కాగితం నుంచి మార్చుకునే లెక్కలు ఇవి. హార్న్ కాగితం మీద మిడిల్ సి ఉందనుకుని చెబుతున్నాను.

ఆల్టో శాక్స్‌కి: ఒక పూర్తి టోన్ పైకి. సి ఉన్నచోట డి రాయాలి. కీ సిగ్నేచర్‌లో (వరుస మొదట్లో వేసే షార్ప్, ఫ్లాట్ గుర్తుల్లో) రెండు షార్పులు కలపాలి. ఆల్టోలో అతి కింది స్వరం కాగితం మీద బి ఫ్లాట్, అంటే హార్న్ కాగితంలో మిడిల్ సి కింద ఉన్న ఎ ఫ్లాట్. అంతకంటే కిందికి వెళ్ళే నాలుగో హార్న్ స్వరాలను టెనార్‌కి పంపండి.

టెనార్ శాక్స్‌కి: సా ఉన్నచోట పై పా. అంటే సి ఉంటే దాని పైన ఉన్న జి. ఒక షార్ప్ కలపాలి.

క్లారినెట్, ట్రంపెట్, ఫ్లూగల్‌హార్న్‌కి: సా ఉన్నచోట కింది పా. అంటే సి ఉంటే దాని కింద ఉన్న జి. ఇక్కడా ఒక షార్ప్ కలపాలి. క్లారినెట్ హద్దు హార్న్ కాగితంలో మిడిల్ సి కింద ఉన్న ఎ దాకా.

యుఫోనియం, ట్రాంబోన్‌కి: బేస్ క్లెఫ్ (కింది స్థాయి స్వరాలకు వరుస మొదట్లో వేసే గుర్తు) చదివేవాళ్ళయితే అసలు ధ్వనినే రాయాలి. సి ఉన్నచోట దాని కింద ఉన్న ఎఫ్. ఒక ఫ్లాట్ కలపాలి. మీ యుఫోనియం పిల్లలు ట్రెబుల్ క్లెఫ్ బి ఫ్లాట్ కాగితం చదివేవాళ్ళయితే టెనార్ శాక్స్ కాగితమే ఇవ్వండి, సరిపోతుంది.

చేత్తో రాసే ఓపిక లేకపోతే మ్యూజ్‌స్కోర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. హార్న్ వరుస అందులో ఎక్కించి, వాద్యం పేరు మార్చితే అదే ట్రాన్స్‌పోజ్ చేస్తుంది. స్థాయి మాత్రం మీ కళ్ళతో సరిచూసుకోండి, వాద్యం హద్దు దాటిన స్వరాలు లేకుండా చూడండి.

ఇంకో చిన్న చిట్కా. పాత మార్చ్‌ల సెట్లలో ఎఫ్ హార్న్ పార్టులతో పాటు ఇ ఫ్లాట్ హార్న్ పార్టులు కూడా చాలాసార్లు ఉంటాయి. అవి ఎక్కువగా ఇ ఫ్లాట్ ఆల్టో హార్న్ కోసం, బ్రిటిష్ బ్రాస్ బ్యాండుల్లో దాన్నే టెనార్ హార్న్ అంటారు. అలాంటి కాగితం మీ కట్టలో ఉంటే ఏ మార్పూ లేకుండా ఆల్టో శాక్స్‌కి నేరుగా ఇచ్చేయవచ్చు.

నలుగురికి రాసింది ఇద్దరే ఊదాల్సి వస్తే

ఒకటి, రెండు పార్టులు తీసుకుని మిగతావి వదిలేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. హార్న్ పార్టులు రాసే పాత పద్ధతి వేరు. ఒకటి, మూడు పైన ఉంటాయి. రెండు, నాలుగు కింద ఉంటాయి. పై నుంచి కిందికి వరుస 1, 3, 2, 4. కొత్తగా రాసినవాళ్ళలో కొందరు ఈ పద్ధతి పాటించరు, కాబట్టి పార్టు నంబరు నమ్మకుండా ప్రతి కార్డులో స్వరాలు చూడండి. ముందు చెప్పిన గా లెక్క ఇక్కడే పనికొస్తుంది. ఏడో స్వరం ఉన్న కార్డులైతే గా, నీ రెండూ దక్కించుకోండి, మిగతావి పోతే పోనీయండి.

మీ ప్రశ్నలో ఒక బాధ కనిపించింది. 'ఇలా మారిస్తే రాసినాయనకు అన్యాయం చేసినట్టు కాదా' అని అడిగారు. దానికి సూటిగా చెబుతాను: కాదు. రాసినవాళ్ళే ఈ పని చేశారు. బీథోవెన్ ఐదో సింఫనీ మొదటి భాగంలో రెండో పాట మొదలయ్యే ముందు హార్న్‌లు ఒక పిలుపు ఊదుతాయి. అదే పిలుపు తర్వాత సి మేజర్‌లో తిరిగి వస్తుంది. అప్పటి హార్న్‌లకు వాల్వులు లేవు, ఇ ఫ్లాట్‌లో అమర్చిన హార్న్‌లో ఆ స్వరాలు సరిగా పలకవు. అందుకని ఆయన దాన్ని బసూన్లకు (కింది స్థాయిలో పలికే చెక్క వాద్యాలు) ఇచ్చారు. ఆ సింఫనీని 1808లో మొదటిసారి వినిపించింది అలాగే. వాల్వు హార్న్‌లు వచ్చాక కొందరు కండక్టర్లు ఆ చోటును మళ్ళీ హార్న్‌లకు ఇచ్చారు, ఇంకొందరు బసూన్లకే ఉంచారు. ఇంగ్లండ్ స్వరకర్త గుస్తావ్ హోల్‌స్ట్ 1909లో మిలిటరీ బ్యాండు కోసం రాసిన ఇ ఫ్లాట్ మొదటి సూట్‌ (చిన్న రచనల వరుస)లో చాలా పార్టులను, ఆ వాద్యం ఉంటే ఊదండి, లేకపోయినా నడుస్తుంది అనే గుర్తుతోనే రాశారు. ఏ బ్యాండులో ఏ వాద్యాలుంటాయో ఆ రోజుల్లో ఎవరికీ ఖాయంగా తెలియదు. మీ పరిస్థితీ అదే కదా.

కొన్ని పాటలను మాత్రం పక్కన పెట్టేయాలి. హార్న్‌లు నాలుగూ కలిసి పై స్థాయికి ఎగిరే చోట్లు, గంటలో చెయ్యి బిగించి ఊదే ముక్కుధ్వని, ఇవే పాటకు ప్రాణమైతే దానికి మారు వాద్యం లేదు. ముక్కుధ్వని ఒకటి రెండు స్వరాలే అయితే మ్యూట్ (గంటలో పెట్టే బిరడా) పెట్టిన ట్రంపెట్‌తో గడుస్తుంది. పాటంతా అదే అయితే ఈ ఏటికి వేరే పాట ఎంచుకోండి, పిల్లలను కష్టపెట్టకండి.

ఒక ట్రంపెట్ పిల్లవాడికి హార్న్ కొనిచ్చి ఆగస్టుకి తయారుచేయవచ్చా అని కూడా అడిగారు. ఆరు వారాల్లో వద్దు. హార్న్ మౌత్‌పీస్ సన్నగా, గరాటులా ఉంటుంది, పెదవి పట్టు వేరు. ఎఫ్ హార్న్ గొట్టం 12 అడుగుల పైచిలుకు పొడవు. ఆ పొడవులో మనం ఊదే స్థాయిలో స్వరాలు పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి, ఒకటి అనుకుంటే పక్కది పలుకుతుంది. వేళ్ళు సరిగా ఉన్నా చెవి సరిగా లేకపోతే తప్పుతుంది. చెవి మంచిదైన అబ్బాయో అమ్మాయో ఉంటే తప్పకుండా మొదలుపెట్టించండి, వచ్చే ఏడాదికి. ఈలోగా డబ్బు కుదిరితే మెల్లోఫోన్ అని ఒకటి ఉంది. అదీ ఎఫ్ వాద్యమే, హార్న్ కాగితాన్ని మార్పు లేకుండా చదువుతుంది, వేళ్ళు ట్రంపెట్‌వే, గంట ముందుకు ఉంటుంది. కవాతుకు బాగుంటుంది. ఏది కొన్నా, వాయించడం తెలిసినవాళ్ళ చేత ఊదించి, శ్రుతి చూసుకుని తీసుకోండి. ఫొటో చూసి కొనకండి.

మీ ఊళ్ళో ఉన్న మనిషిని మరిచిపోకండి

ఇప్పుడు ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, బ్యాండు మేళం వాళ్ళు ఖాళీగా ఉంటారు. వాళ్ళలో యుఫోనియం ఊదే పెద్దాయన ఒకరు తప్పకుండా ఉంటారు. వెళ్ళి అడగండి, గౌరవంగా, రోజుకు ఇంత అని మాట్లాడుకుని అడగండి.

కొన్నేళ్ళ క్రితం ఒక చర్చిలో క్రిస్మస్ ఆరాధనకు బ్యాండు ఏర్పాటు చేయమన్నారు. స్కోరులో రెండు హార్న్‌లు, మనిషి ఒక్కరూ లేరు. పెళ్ళి బ్యాండులో నలభై ఏళ్ళుగా యుఫోనియం ఊదుతున్న ఒకాయనను పిలిపించాను. ఆయనకు స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) రాదు. మొదటి హార్న్ వరుస మొత్తాన్ని తెలుగులో సరిగమల్లో రాసిచ్చాను. పైస్థాయికి పైన చుక్క, కింది స్థాయికి కింద చుక్క, ఎన్ని లెక్కలు సాగదీయాలో పక్కన గీతలు. రెండుసార్లు చదువుకున్నారు, మూడోసారి కాగితం చూడలేదు. ముఖ్యంగా ఆయన ఊపిరి. మా పిల్లలు రెండు బార్లకే ఆగిపోయే స్వరాన్ని ఆయన నాలుగు బార్లు ఒకే తీరున పట్టారు. పక్కన కూర్చున్న నా శిష్యుడు ఆ రోజు నేర్చుకున్నది నేను ఏడాదిగా చెబుతున్నా రాలేదు.

అలాంటి మనిషి మీ పిల్లల మధ్య నెమ్మదైన పాటలో కూర్చుంటే, నేను పైన చెప్పిన పంపకంలో సగం అవసరం ఉండదు. పిల్లల కార్యక్రమంలో బయటివాళ్ళు ఊదకూడదని మీ యాజమాన్యం అంటే, కనీసం నాలుగు రిహార్సల్స్‌కి రప్పించి రెండో యుఫోనియం పిల్లవాడి పక్కన కూర్చోబెట్టండి.

రిహార్సల్ ఎలా చేయాలి

మొదటి రెండు రోజులు హార్న్ పని పట్టినవాళ్ళను మాత్రమే విడిగా కూర్చోబెట్టండి. ఆల్టోలు, టెనార్, యుఫోనియం, ఇద్దరు క్లారినెట్లు. కార్డులను ఒక్కొక్కటిగా, తాళం లేకుండా, నిలిపి ఊదించండి. కింది స్వరం ముందు, దాని మీద పా, చివరికి గా. గా ఊదేవాళ్ళను శ్రుతి కొంచెం తగ్గించమనండి, మేజర్ కార్డులో అది కాస్త కిందికి ఉంటేనే కుదురుగా వినిపిస్తుంది. ఈ ఆరుగురు బ్యాండులో ఎక్కడెక్కడో కూర్చుంటే ఒకరి ధ్వని ఇంకొకరికి వినబడదు. కవాతు లేకుండా నిలబడి వాయించే పాటకైనా వాళ్ళందరినీ మధ్యలో, ఒకే చోట చేర్చండి.

తర్వాత మొత్తం బ్యాండుతో కలిపినప్పుడు మీరు ముందు నిలబడి వినవద్దు. తాళం ఒక పెద్ద విద్యార్థి చేతికి ఇచ్చి, గ్రౌండు చివరికి, జనం కూర్చునే చోటికి నడిచి వెళ్ళి వినండి. అక్కడ మీకు 'శాక్స్ వినిపిస్తోంది' అనిపిస్తే ఎక్కువైనట్టు, ఇంకో మెట్టు తగ్గించండి. ఏ వాద్యమో తెలియకుండా మధ్యలో నిండుగా ఉంటే సరిపోయినట్టు. మార్చ్‌లో కవాతు చేసే పిల్లలను ఒకసారి నడిపించి చూడండి. ఎడమ అడుగు బేస్ డ్రమ్ మీదే పడుతోందా లేదా చూసుకోండి.

మీ నెమ్మదైన పాటలో హార్న్ పేజీల ఫొటోలు నాలుగూ ఇక్కడ పెట్టండి. ఏ బార్ ఎవరికి ఇవ్వాలో గుర్తులు పెట్టి రేపు సాయంత్రానికి పంపుతాను. యుఫోనియం పిల్లలు ఏ క్లెఫ్ చదువుతారో కూడా చెప్పండి, దాన్ని బట్టి కాగితం రాయాలి.